నలభై ఏళ్ల ఎండలు, ఒక్క లైను ఆదేశం

ఇంటి పాఠం: 8, 9, 10 తరగతుల విద్యార్థుల తల్లిదండ్రులకు



"మా రోజుల్లో ఇంత ఎండలు ఎక్కడివి?" వేసవి వచ్చిందంటే ప్రతి ఇంట్లోనూ ఈ మాట వినిపిస్తుంది. "ఎండలు అప్పుడూ ఇంతే, మనకే ఓపిక తగ్గింది" అని ఇంకొకరు అంటారు. వాదన అక్కడితో ఆగిపోతుంది. ఎందుకంటే ఇద్దరి దగ్గరా ఉన్నది జ్ఞాపకమే, లెక్క లేదు.

ఆ లెక్కను మీ అమ్మాయో అబ్బాయో ఇంట్లో కంప్యూటర్ మీద ఒక పూటలో తీయగలరు. 1981 నుంచి మొన్నటి దాకా మీ ఊరి ప్రాంతంలో ఏ రోజు ఎంత ఎండ కాసిందో, ఎంత వాన పడిందో చెప్పే అంకెలు ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిని తెచ్చుకోవడానికి, గ్రాఫ్‌గా గీయడానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. ఈ వేసవి సెలవుల్లో మీరూ పిల్లలూ పక్కపక్కన కూర్చుని చేయగలిగిన పని ఇది.

ఒక మాట ముందే చెప్పుకుందాం. ఇందులో గ్రాఫ్ గీయడం తేలిక. గీసిన గ్రాఫ్‌ను ఎంతవరకు నమ్మవచ్చో తేల్చుకోవడమే అసలు చదువు.

ఎందుకు ఈ పాఠం?

2015 మే నెల మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ వడగాడ్పులకు దేశంలో 2,000 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువ మంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వారే. కూలి పనికి వెళ్లినవాళ్లు, వయసు మళ్లినవాళ్లు, ఎండలో తిరగక తప్పనివాళ్లు. ఎండను గురించిన అంకె పేపర్లో చదివి పక్కన పెట్టేసే విషయం కాదని ఆ నెల మనకు నేర్పింది. మధ్యాహ్నం క్రికెట్ కోచింగ్‌కు పిల్లాణ్ని పంపాలా వద్దా అన్న చిన్న నిర్ణయం కూడా ఆ అంకె మీదే ఆధారపడుతుంది.

అదే సమయంలో వాట్సాప్‌లో వచ్చే "రేపటి నుంచి 50 డిగ్రీలు, వందేళ్లలో ఇదే మొదటిసారి" లాంటి మెసేజ్‌లను ఎవరు రాశారో, దేన్ని చూసి రాశారో తెలియదు. అసలు లెక్క ఎక్కడ ఉంటుందో, దాన్ని ఎలా చదవాలో తెలిసిన పిల్లలు అలాంటి మెసేజ్‌ను ముందుకు పంపే ముందు ఒక్క క్షణం ఆగుతారు.

ఇంకో కారణం కూడా ఉంది. సైన్స్ ప్రాజెక్ట్ అనగానే థర్మాకోల్ మోడల్ షాపులో కొనేయడం, చార్ట్ ఎవరితోనో రాయించడం మనకు అలవాటైపోయింది. చాట్‌బాట్‌ను అడిగితే అందమైన గ్రాఫ్ అరనిమిషంలో వచ్చేస్తుంది కూడా. ఆ గ్రాఫ్‌లోని చుక్క ఎక్కడి నుంచి వచ్చిందని టీచర్ అడిగితే మాత్రం పిల్లల దగ్గర జవాబు ఉండదు. ఇక్కడ అంకెలు తెచ్చేదీ వాళ్లే, గీసేదీ వాళ్లే. కాబట్టి జవాబు చెప్పగలిగేదీ వాళ్లే.

ఏమేం కావాలి?

ఇంటర్నెట్ ఉన్న మామూలు కంప్యూటర్ చాలు. వాడేవి రెండే ప్రోగ్రాములు.

మొదటిది కర్ల్. ఇంటర్నెట్ చిరునామా ఇస్తే అక్కడున్న ఫైలును తెచ్చిపెడుతుంది, అంతే. స్వీడన్‌కు చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ దీన్ని రూపొందించారు. 2018 నుంచి విండోస్ 10లోనూ, ఆ తర్వాత విండోస్ 11లోనూ ఇది ముందే ఉంటుంది కాబట్టి వేరుగా ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు.

రెండోది గ్నూప్లాట్. అంకెల ఫైలు ఇస్తే గ్రాఫ్ గీస్తుంది. థామస్ విలియమ్స్, కోలిన్ కెలీ 1986లో దీన్ని రాశారు. బహుశా మీరు బడిలో ఉన్నప్పటి సాఫ్ట్‌వేర్! ఇప్పటికీ శాస్త్రవేత్తలు వాడుతూనే ఉన్నారు. దీన్ని మాత్రం ఒకసారి ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

రెండింటికీ మౌస్‌తో నొక్కే బటన్లతో పనిలేదు. నల్లటి తెర మీద ఒక లైను టైప్ చేసి ఎంటర్ కొడితే పని జరుగుతుంది. దీన్నే కమాండ్ లైన్ అంటారు. చూడటానికి పాతకాలం పద్ధతిలా ఉంటుంది కానీ చదువుకు ఇదే మేలు. ఏం చేశామో ఆ లైనులోనే రాసి ఉంటుంది. దాన్ని నోట్‌బుక్‌లో ఎక్కించుకుంటే, వచ్చే ఏడాది ఊరి పేరో సంవత్సరమో మార్చి మళ్లీ నడిపించవచ్చు. స్నేహితుడు అదే లైను టైప్ చేస్తే అదే ఫలితం రావాలి. ప్రయోగశాలలో "ప్రయోగ విధానం" రాయమనేది ఇందుకే.

టైప్ చేయాల్సిన లైన్లు అక్షరం పొల్లుపోకుండా ఈ సంచిక ఇంగ్లీష్ విభాగంలో ఉన్నాయి. ఈ పేజీలో ఒక్కో లైను ఏం చేస్తుందో, ఎక్కడ జాగ్రత్త పడాలో చెప్పుకుందాం.

భద్రత గురించి ఒక మాట. ఎవరో పంపిన ఆదేశాన్ని అర్థం తెలియకుండా నల్ల తెర మీద అతికించవద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి. ఈ పాఠంలోని అంకెల కోసం ఖాతా తెరవాల్సిన పని లేదు. ఫోన్ నంబరు, కార్డు నంబరు, ఓటీపీ ఏవీ ఇవ్వక్కర్లేదు. అవి అడిగారంటే మీరు వేరే చోటికి వెళ్లారన్నమాట.

మొదటి మెట్టు: అంకెలు తెచ్చుకోవడం

మనం వాడే భాండాగారం పేరు నాసా పవర్. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో ఉన్న నాసా లాంగ్లీ పరిశోధన కేంద్రం దీన్ని నడుపుతోంది. సోలార్ పలకలు పెట్టేవాళ్లకు, భవనాలు కట్టేవాళ్లకు, వ్యవసాయం చేసేవాళ్లకు ఉపయోగపడాలని తయారు చేశారు. ప్రపంచంలో ఏ చోటుకైనా 1981 నుంచి రోజువారీ ఉష్ణోగ్రత, వాన, తేమ, గాలి వివరాలు ఇస్తుంది.

కర్ల్‌కు ఇచ్చే చిరునామాలో మనం ఐదు సంగతులు చెప్పాలి: ఏ కొలత కావాలి, ఏ అక్షాంశం, ఏ రేఖాంశం, ఏ తేదీ నుంచి, ఏ తేదీ దాకా. కొలతగా నేలకు 2 మీటర్ల ఎత్తులో ఆ రోజు గరిష్ఠ ఉష్ణోగ్రతను అడుగుదాం. తేదీని ఏడాది, నెల, రోజు వరసలో మధ్యలో గీతలు లేకుండా రాయాలి. 1981 జనవరి 1 అంటే 19810101. ఎవరి కోసం అన్న చోట వ్యవసాయ విభాగాన్ని, ఫైలు రూపంగా కామాలతో విడదీసిన పట్టికను ఎంచుకోవాలి.

అక్షాంశ రేఖాంశాలు సోషల్ పాఠంలో చదివినవే. కొన్ని ఊళ్లకు దాదాపుగా ఇవి:

హైదరాబాద్: 17.4 ఉత్తరం, 78.5 తూర్పు
వరంగల్: 18.0 ఉత్తరం, 79.6 తూర్పు
విజయవాడ: 16.5 ఉత్తరం, 80.6 తూర్పు
విశాఖపట్నం: 17.7 ఉత్తరం, 83.3 తూర్పు
కర్నూలు: 15.8 ఉత్తరం, 78.0 తూర్పు
తిరుపతి: 13.6 ఉత్తరం, 79.4 తూర్పు

ఇక్కడ పిల్లలు తరచూ తికమకపడేది ఏది ముందు, ఏది తర్వాత అన్న విషయంలోనే. హైదరాబాద్‌కు ఈ రెండు అంకెలను తారుమారు చేసి చూడమనండి. 78.5 ఉత్తరం, 17.4 తూర్పు అంటే నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవులు, ఉత్తర ధ్రువానికి దగ్గర. కంప్యూటర్ మాత్రం ఏమీ అనదు. అడిగిన చోటు లెక్క నిశ్శబ్దంగా తెచ్చి ఇస్తుంది. మే నెలలో గడ్డకట్టే చలి ఉన్న "హైదరాబాద్" గ్రాఫ్ తయారవుతుంది. ఒకసారి కావాలని ఇలా చేసి చూపిస్తే పిల్లలకు అట్లాసు మళ్లీ తెరవాలనిపిస్తుంది.

రెండు చిన్న చిక్కులు కూడా తెలుసుకోండి. చిరునామాలో ఒక్కో కోరికకు మధ్య 'అండ్' గుర్తు (&) వస్తుంది. నల్ల తెరకు ఆ గుర్తు "ఇక్కడితో ఒక ఆదేశం అయిపోయింది" అని చెబుతుంది. అందుకని చిరునామా మొత్తాన్ని డబుల్ కోట్స్ మధ్య పెట్టాలి. ఇక విండోస్‌లో పవర్‌షెల్ బదులు కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. పాత పవర్‌షెల్‌లో కర్ల్ అని టైప్ చేస్తే వేరే ప్రోగ్రాము పలుకుతుంది. సగం మందికి మొదటి ప్రయత్నంలో పని జరగకపోవడానికి కారణాలు ఇవే ఉంటాయి. పిల్లలు విసుక్కుంటే కంగారు పడకండి. తెర మీద వచ్చిన ఎర్రర్ వాక్యాన్ని బయటికి చదవమనండి. చాలాసార్లు జవాబు అందులోనే ఉంటుంది.

రెండో మెట్టు: గీసే ముందు చదవడం

ఫైలు వచ్చింది. వెంటనే గ్రాఫ్ వైపు పరిగెత్తకుండా నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడమనండి. పైన కొన్ని వరసల్లో ఆ ఫైలు తన గురించి తానే చెప్పుకుంటుంది. ఏ చోటు, ఏ తేదీలు, ఏ కొలత, ఏ ప్రమాణం, ఆ ప్రాంతం సగటు ఎత్తు ఎంత అన్న వివరాలు అక్కడ ఉంటాయి. ఆ తర్వాత అసలు పట్టిక మొదలవుతుంది. ముందు ఏడాది, తర్వాత తేదీ, చివర కొలత. పై వరసలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, గ్నూప్లాట్‌కు అన్ని వరసలు వదిలేయమని చెప్పాలి.

ఆ పై వరసల్లో ఒకటి చాలా ముఖ్యం. కొలత లేని రోజున -999 అని రాస్తామని అది చెబుతుంది. చివరి కొద్ది రోజుల లెక్క ఇంకా సిద్ధం కాకపోతే అక్కడ ఈ అంకె కనిపించడం మామూలే. "ఇక్కడ లెక్క లేదు" అని చెప్పే గుర్తు అది, ఉష్ణోగ్రత కాదు. ఈ సంగతి మనిషికి తెలుస్తుంది, కంప్యూటర్‌కు తెలియదు.

పిల్లలతో కాగితం మీద ఈ లెక్క చేయించండి. ఒక నెలలో 29 రోజులు సరిగ్గా 38 డిగ్రీలు, ఒక్క రోజు -999. సగటు ఎంత? మొత్తం 1,102. అందులోంచి 999 తీసేస్తే 103. దాన్ని 30తో భాగిస్తే 3.4 డిగ్రీలు. ఇలాంటి తప్పు ఎవరికైనా కనిపిస్తుంది. ఏప్రిల్‌లో మన ఊళ్లో 3 డిగ్రీలేమిటని నవ్వుకుని సరిదిద్దుకుంటాం.

ఇప్పుడు ఇంకో లెక్క. 30 ఏళ్ల మే నెలలు తీసుకుంటే 930 రోజులు. వాటిలో 929 రోజులు 40 డిగ్రీలు, ఒకే ఒక్క రోజు -999 అనుకుందాం. సగటు 38.9 వస్తుంది. ఇది చూసి ఎవరూ నవ్వరు, అనుమానపడరు. సగటు మాత్రం 1.1 డిగ్రీలు తగ్గిపోయింది. ఐపీసీసీ 2021 నివేదిక ప్రకారం 1850–1900 కాలంతో పోలిస్తే 2011–2020 నాటికి ప్రపంచ ఉష్ణోగ్రత పెరిగింది కూడా దాదాపు అంతే. అంటే తీసేయడం మరిచిన ఒక్క గుర్తు ఒక శతాబ్దంన్నర మార్పంత తేడా తెచ్చింది. పెద్ద తప్పు తనంతట తానే బయటపడుతుంది. చిన్న తప్పును వెతికి పట్టుకోవాలి.

గ్నూప్లాట్‌లో ఈ గుర్తును లెక్కలోకి తీసుకోవద్దని చెప్పే ఆదేశం ఉంది. ఫైలులో -999 అని ఉందో, -999.0 అని ఉందో చూసి, ఎలా ఉంటే అలాగే రాయాలి. ఒక్క చుక్క, ఒక్క సున్నా తేడా ఉన్నా అది గుర్తుపట్టదు.

మూడో మెట్టు: సగటు తీయడం

గ్నూప్లాట్‌లో స్టాట్స్ అనే ఆదేశం ఉంది. ఫైలు పేరు, ఎన్నో నిలువు వరస అన్నది చెబితే సగటు, మధ్యగతం, అన్నిటికన్నా ఎక్కువ, అన్నిటికన్నా తక్కువ ఒకేసారి చూపిస్తుంది. పదో తరగతి లెక్కల్లో సాంఖ్యక శాస్త్రం పాఠం ఇదే కదా. బాహుళకం మాత్రం అది చెప్పదు. ఉష్ణోగ్రతలను తరగతి అంతరాలుగా విడదీసి పిల్లలే లెక్కకట్టాలి. పాఠ్యపుస్తకంలోని కల్పిత మార్కుల పట్టిక బదులు తమ ఊరి ఎండల పట్టికతో ఆ పాఠం చేస్తే సూత్రం ఎందుకో అర్థమవుతుంది.

"మామూలు కన్నా 3 డిగ్రీలు ఎక్కువ" అని వార్తల్లో వింటుంటాం. ఆ "మామూలు" ఎక్కడిది? ప్రపంచ వాతావరణ సంస్థ పద్ధతి ప్రకారం 30 ఏళ్ల సగటును సాధారణం అంటారు. ప్రస్తుతం వాడేది 1991–2020 కాలం. మన ఫైలు 1981 నుంచి ఉంది కాబట్టి ఆ సాధారణాన్ని పిల్లలు సొంతంగా లెక్కకట్టవచ్చు. ఏడాది 1991కీ 2020కీ మధ్య, నెల 5 ఉన్న వరసలను మాత్రమే తీసుకోమని చెబితే చాలు. ఫైలులో నెలకు బదులు "ఏడాదిలో ఎన్నో రోజు" అన్న అంకె ఉంటే మే నెల అంటే 121 నుంచి 151 దాకా. లీపు ఏడాదిలో 122 నుంచి 152 దాకా. ఎందుకో మీ అబ్బాయిని చెప్పమనండి.

భారత వాతావరణ విభాగం వడగాడ్పును ఎలా నిర్ణయిస్తుందో కూడా ఇక్కడే చెప్పవచ్చు. మైదాన ప్రాంతంలో ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు ఉండి, సాధారణం కన్నా 4.5 నుంచి 6.4 డిగ్రీలు ఎక్కువైతే వడగాడ్పు. అంతకు మించితే తీవ్ర వడగాడ్పు. సాధారణంతో పని లేకుండా 45 డిగ్రీలు చేరినా వడగాడ్పే. తీర ప్రాంతాల్లో 37 డిగ్రీలు దాటి, సాధారణం కన్నా 4.5 డిగ్రీలు పెరిగితే వడగాడ్పు అంటారు. రామగుండంలో మామూలు అనిపించే ఎండ మచిలీపట్నంలో ప్రమాదం ఎందుకవుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. శరీరం అలవాటుపడిన దానికన్నా ఎంత ఎక్కువ అన్నదే ముఖ్యం.

నాలుగో మెట్టు: గీయడం

మొదటి గ్రాఫ్‌గా 2015 మే నెల గీయించండి. అడ్డంగా తేదీ, నిలువుగా ఉష్ణోగ్రత, 31 చుక్కలు. వాటి మీద మీరు లెక్కకట్టిన మే నెల సాధారణాన్ని ఒక అడ్డగీతగా పెట్టించండి. చుక్కలు గీతకు ఎంత పైన, ఎన్ని రోజులు వరసగా ఉన్నాయో పిల్లలే చెబుతారు. ఒక్క రోజు ఎండ కన్నా వరసగా కాసే ఎండ ఎందుకు ఎక్కువ ప్రమాదమో ఆ గ్రాఫ్ ముందు కూర్చుని మాట్లాడండి. రాత్రుళ్లు కూడా చల్లబడకపోతే శరీరం కోలుకోదు. కావాలంటే కనిష్ఠ ఉష్ణోగ్రతను కూడా తెప్పించి కింద ఇంకో గీత గీయవచ్చు.

రెండో గ్రాఫ్ మీ ఇంటి వాదన కోసం. 1981 నుంచి 2024 దాకా ఒక్కో మే నెల సగటు, మొత్తం 44 చుక్కలు. గ్నూప్లాట్‌లో స్మూత్ యునీక్ అని రెండు మాటలు చేరిస్తే ఒకే ఏడాదికి చెందిన రోజులన్నిటినీ సగటు చేసి ఒక్క చుక్కగా పెడుతుంది. మీరు పదో తరగతి పరీక్షలు రాసిన ఏడాది, పెళ్లయిన ఏడాది, పిల్లలు పుట్టిన ఏడాది ఎక్కడున్నాయో వెతకండి.

ఇక్కడ మూడు జాగ్రత్తలు చెప్పండి.

నిలువు గీతను సున్నా నుంచి మొదలుపెడితే 44 ఏళ్లూ సమంగా కనిపిస్తాయి. 38 నుంచి 42 దాకా మాత్రమే పెడితే ఎత్తుపల్లాలు కొండల్లా కనిపిస్తాయి. అంకెలు అవే, కళ్లకు కనిపించే కథ వేరు. అందుకే గ్రాఫ్ చూడగానే ముందు నిలువు గీత మీది అంకెలు చదవాలి.

రెండే రెండు ఏళ్లను పట్టుకుని "చూడండి, ఎంత పెరిగిందో" అనకూడదు. ఒక చల్లని ఏడాదిని, ఒక వేడి ఏడాదిని ఎంచుకుంటే ఏదైనా నిరూపించవచ్చు. చుక్కలన్నిటినీ కలిపి చూడాలి.

లెక్క లేని చోట గీత తెగిపోతే తెగిపోనివ్వండి. అటూ ఇటూ ఉన్న చుక్కలను కలిపి అందంగా గీస్తే, లేని కొలతను ఉన్నట్టు చూపించినట్టే.

గ్రాఫ్ చెప్పనివి

ఈ భాండాగారంలోని ఉష్ణోగ్రత మీ ఊరి థర్మామీటరు కొలిచింది కాదు. ఉపగ్రహాలు, వాతావరణ కేంద్రాలు, బెలూన్లు వంటివాటి నుంచి వచ్చిన కొలతలను కంప్యూటర్ నమూనాలో కలిపి, భూమిని గళ్లుగా విడదీసి, ఒక్కో గడికి లెక్కకట్టినది. ఒక గడి ఉత్తర దక్షిణాలుగా అర డిగ్రీ, తూర్పు పడమరలుగా 0.625 డిగ్రీలు. మన ప్రాంతంలో అది సుమారు 55 కిలోమీటర్లు, 66 కిలోమీటర్లు.

అంటే హైదరాబాద్ అంకెలో నగరం, చుట్టుపక్కల పొలాలు, చెరువులు అన్నీ కలిసిపోయి ఉంటాయి. విశాఖలో సముద్రపు గాలి, లోపలి కొండల గాలి కలిసిపోవచ్చు. మీ కాలనీలో చెట్లు కొట్టి అపార్ట్‌మెంట్లు కట్టాక పెరిగిన వేడి ఈ అంకెలో సరిగా కనిపించదు. కాబట్టి గ్రాఫ్‌లో పెద్ద పెరుగుదల కనిపించకపోతే "అమ్మ చెప్పింది తప్పు" అని తీర్పు ఇవ్వడానికి లేదు. అమ్మ చెప్పింది తన వీధి గురించి, గ్రాఫ్ చెబుతున్నది ఆ గడి గురించి. గ్రాఫ్ వ్యతిరేకంగా వస్తే మాత్రం పెద్దవాళ్లం ఒప్పుకోవాలి. లెక్క ముందు చిన్నా పెద్దా లేరని పిల్లలు నేర్చుకోవాల్సింది మన దగ్గరే.

ఇంకో పరిమితి కాలం. బేగంపేట కేంద్రంలో ఇప్పటిదాకా గరిష్ఠంగా చెప్పుకునే 45.5 డిగ్రీలు 1966 జూన్ 2న నమోదైంది. మన ఫైలు మొదలయ్యేది 1981లో. కాబట్టి ఈ ఫైలు చూసి "ఇదే ఎప్పటికీ రికార్డు" అనే హక్కు మనకు లేదు. "1981 నుంచి ఇదే ఎక్కువ" అని మాత్రమే అనగలం. ఆ రెండు వాక్యాల తేడా తెలిసిన విద్యార్థి వార్తను కూడా జాగ్రత్తగా చదువుతాడు.

వాన లెక్క: కొంచెం ముందుకు వెళ్లాలనుకునేవారికి

అదే ఆదేశంలో కొలత పేరు మారిస్తే వర్షపాతం వస్తుంది. 2000 ఆగస్టు 24న బేగంపేట కేంద్రం 24 గంటల్లో 241.5 మిల్లీమీటర్లు నమోదు చేసింది. అది ఎంతో పిల్లలకు ఇలా చెప్పండి. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీళ్లు. 100 చదరపు మీటర్ల డాబా మీద ఆ రోజు 24,150 లీటర్లు పడ్డాయి. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు దాదాపు ఐదు, ఒక్క డాబా మీదే.

ఆ తేదీని మన ఫైలులో వెతికించండి. గడి మొత్తం సగటు కాబట్టి ఇలాంటి కుంభవృష్టి రోజుల అంకె సాధారణంగా కేంద్రం కొలిచినదానికన్నా తక్కువగా ఉంటుంది. తేదీ ఒక రోజు అటూ ఇటూ ఉన్నా ఆశ్చర్యపోకండి. భారత వాతావరణ విభాగం వాన లెక్క ఉదయం 8:30తో ముగిసే 24 గంటలది. రాత్రి పడిన వాన మర్నాటి తేదీతో నమోదవుతుంది. నాసా ఫైలులో రోజు మొదలయ్యే వేళ వేరు. రెండు చోట్ల రెండు అంకెలు కనిపిస్తే, ఎవరిది తప్పని కాకుండా, ఎవరు ఏ వేళ నుంచి ఏ వేళ దాకా కొలిచారని అడగడం నేర్పండి.

ఆసక్తి ఉన్న పిల్లలకు తర్వాతి మెట్టు మన దేశపు భాండాగారమే. 1875లో ఏర్పడిన భారత వాతావరణ విభాగం పుణె కార్యాలయం నుంచి 1901 తర్వాతి రోజువారీ వర్షపాతాన్ని పావు డిగ్రీ గళ్లలో ఇస్తోంది. ఆ ఫైళ్లను నోట్‌ప్యాడ్‌లో చదవలేం. కొంచెం పైథాన్ నేర్చుకోవాలి.

పిల్లల్ని అడగాల్సిన ప్రశ్నలు

గ్రాఫ్ పూర్తయ్యాక బాగుందని మెచ్చుకోండి. ఆ తర్వాత ఈ ఐదు ప్రశ్నలు అడగండి.

1. ఈ అంకెలు ఎవరివి? కొలిచినవా, లెక్కకట్టినవా?
2. ఏ చోటువి? ఎంత విస్తీర్ణానికి?
3. ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా? ఆ ఏళ్లే ఎందుకు ఎంచుకున్నావు?
4. ఎన్ని రోజుల లెక్క లేదు? ఆ రోజుల్ని ఏం చేశావు?
5. ఈ గ్రాఫ్ చూసి ఏ మాట అనకూడదు?

ఐదో ప్రశ్నకు జవాబు చెప్పగలిగితే ప్రాజెక్ట్ నిజంగా వాళ్లదే. మీకు కంప్యూటర్ రాకపోయినా ఫర్వాలేదు. ఈ ప్రశ్నలు అడగడానికి కమాండ్ లైన్ తెలియనక్కర్లేదు.

సెలవుల తర్వాత జరిగే మొదటి పేరెంట్స్ మీటింగ్‌కు మూడు కాగితాలు తెచ్చి సైన్స్ టీచర్‌కు ఇవ్వండి: ఒక గ్రాఫ్, దాన్ని తెచ్చిన ఆదేశాల లైన్లు పిల్లల చేతిరాతతో, ఐదు ప్రశ్నలకు జవాబులు. రంగు ప్రింట్ అక్కర్లేదు, లామినేషన్ అక్కర్లేదు. ఒకే ఊరి నుంచి వచ్చిన గ్రాఫ్‌లను తరగతిలో పక్కపక్కన పెడతాం. అవి ఒకేలా రావాలి. రాకపోతే ఎక్కడ తేడా వచ్చిందో పిల్లలే కూర్చుని వెతుకుతారు.